తేజస్విని: నాలుగక్షరాలా, ఐదా?

ప్రశ్న: టీచర్‌గారూ, మాది మధురవాడ. పాప పుట్టి పన్నెండు రోజులైంది, మొదటి కాన్పు. విశాఖ నక్షత్రం మూడో పాదం, 'తే' అక్షరం వచ్చింది. నాకూ మా ఆయనకూ తేజస్విని అని పెట్టుకోవాలని ఆశ. మావయ్యగారేమో ఆడపిల్లకి బేసి అక్షరాల పేరే ఉండాలి, ఇది నాలుగు, సరి సంఖ్య, కుదరదు అంటున్నారు. తేజస్వి అని కుదించమంటున్నారు. మా మరిది వేళ్ల మీద లెక్కపెట్టి 'తే, జ, స్, వి, ని... ఐదు వచ్చాయి కదా నాన్నా, బేసే' అంటున్నాడు. మా ఆయనకి ఆఫీసులో ఎవరో న్యూమరాలజీ చూసి ఇంగ్లిష్‌లో ఇంకో 'ఎస్' కలపమన్నారట. మా అన్నయ్య మీ ఇంటిపేరే ఐదక్షరాలుంది, పాపకి తేజ చాలు అంటాడు. ఆసుపత్రిలో బర్త్ సర్టిఫికెట్ ఫారం త్వరగా నింపి ఇమ్మంటున్నారు. ఇరవై ఒకటో రోజున బారసాల. ఇంట్లో తలో మాట, మా అత్తయ్య ఒక్కరే ఏమీ అనకుండా తేజమ్మా తేజమ్మా అంటూ ఊయల ఊపుతున్నారు. అసలే నిద్ర లేదు, పైన ఈ టెన్షన్. అక్షరాలు ఎలా లెక్కపెట్టాలి? బేసి రాకపోతే నిజంగా దోషమా?

జవాబు: అమ్మా, ముందు లెక్క తేల్చేద్దాం. నాలుగే. మీ మావయ్యగారిదే కరెక్టు.

మీ మరిది 'స్'ని విడదీసి ఐదు చేశాడు గానీ అది చెల్లదు. మన అక్షరాల లెక్క హల్లుల మీద నడవదు, అచ్చుల మీద నడుస్తుంది. నోట్లో ఒక అచ్చు పలికిందంటే ఒక అక్షరం అయినట్టు, దాని ముందు ఎన్ని హల్లులు పోగుపడ్డా, కింద వత్తు ఉన్నా, పక్కన సున్న ఉన్నా ఆ ఒక్కటే లెక్క. కృష్ణ రెండక్షరాలు. లక్ష్మి కూడా రెండే, 'క్ష్మి'లో మూడు హల్లులు గుత్తిగా ఉన్నా సరే. స్త్రీ అన్నది ఒక్క అక్షరం. ఇక చివర్లో పొల్లు వస్తే అది ముందున్న అక్షరంలో కలిసిపోతుంది, అంటే వైజాగ్ రెండే. నేను బళ్లో ఛందస్సు చెప్పేటప్పుడు పిల్లల చేత చప్పట్లు కొట్టించేదాన్ని, ఒక చప్పట్లో ఒదిగేదంతా ఒక అక్షరం అని. మీ మరిదిని ఒకసారి తేజస్విని అని చప్పట్లు కొడుతూ పలకమను. 'స్' దగ్గర చెయ్యి పడదు, 'స్వి' దగ్గర పడుతుంది. ఇంగ్లిష్‌లో సిలబుల్ అనేది దాదాపు ఇదే, స్పెల్లింగ్‌లో ఎన్ని లెటర్లున్నాయి అన్నది కాదు. ఆ న్యూమరాలజీ వాళ్లు లెక్కపెట్టేది లెటర్లని, మీ మావయ్యగారు లెక్కపెట్టేది అక్షరాలని. రెండూ వేరు వేరు సంగతులు, మీ ఇంట్లో రెండూ కలిసిపోయి గొడవ పెద్దదైంది.

ఇప్పుడు బేసి మాట. మీ మావయ్యగారు గాల్లోంచి తెచ్చిన మాట కాదమ్మా అది, అందుకే తేలిగ్గా తీసిపారేయొద్దు. గృహ్యసూత్రాల్లో, అంటే ఇంట్లో చేసే సంస్కారాల గురించి రాసిన పాత గ్రంథాల్లో ఉంది. ఆపస్తంబ గృహ్యసూత్రంలో నామకరణం దగ్గర మగపిల్లాడికి రెండక్షరాలో నాలుగక్షరాలో ఉన్న పేరు పెట్టమని చెప్పి, ఆడపిల్లకి 'అయుజాక్షరం కుమార్యాః' అన్నారు. అయుజం అంటే జత కానిది, బేసి. పారస్కర గృహ్యసూత్రంలోనూ ఇదే ఉంది, పైగా ఆడపిల్ల పేరు 'ఆ'తో ముగియాలనీ, తద్ధిత పదం, అంటే నామానికి ప్రత్యయం చేరి వచ్చిన మాట, అయి ఉండాలనీ కూడా కలిపారు. ఆశ్వలాయనంలో మగపిల్లల సంగతి ఇంకాస్త వివరంగా ఉంది, నిలకడ కావాలనుకుంటే రెండక్షరాలు, బ్రహ్మవర్చస్సు కావాలనుకుంటే నాలుగు అని. ఈ వాక్యాల్లో ఎక్కడా అలా పెట్టకపోతే పిల్లకి కీడు జరుగుతుందని లేదు. నీ ప్రశ్నలో అసలు భయం 'దోషమా' అన్న ముక్కలోనే ఉంది కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నా.

మనుస్మృతి రెండో అధ్యాయం 33వ శ్లోకం ఆడపిల్లల పేర్ల గురించే. నోటికి సుఖంగా పలకాలి, కరుకుగా ఉండకూడదు, అర్థం స్పష్టంగా తెలియాలి, మనసుకి హాయిగా ఉండాలి, మంగళకరంగా ఉండాలి, చివర దీర్ఘం ఉండాలి, దీవెనలా వినిపించాలి. ఇవీ అక్కడున్న షరతులు. సంఖ్య ఊసే లేదు. తేజస్విని ఇందులో దేనికి తప్పింది చెప్పు? సంస్కృతంలో అది తేజస్వినీ, చివర దీర్ఘం కూడా ఉంది.

మీ మావయ్యగారు పెద్దాయన కాబట్టి, పొద్దున్నే శ్లోకాలు చదువుకునే అలవాటు ఉంటే గనక, ఆయనకి పంచకన్యల శ్లోకం తెలిసే ఉంటుంది. అహల్యా ద్రౌపదీ సీతా తారా మండోదరీ తథా. వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టమను. అహల్య మూడు, ద్రౌపది మూడు. సీత రెండు. తార రెండు. మండోదరి నాలుగు. రోజూ తలుచుకోమన్న ఐదుగురిలో ముగ్గురి పేర్లు సరి సంఖ్యలోనే ఉన్నాయి. పెళ్లిలో మీ ఇద్దరికీ ఆకాశంలో చూపించారు చూడు, అరుంధతి, ఆవిడదీ నాలుగే. అనసూయ నాలుగు, దమయంతి నాలుగు. రాధ, గంగ, గౌరి, లక్ష్మి, అన్నీ రెండేసి. మగవాళ్ల వైపు చూస్తే అర్జున, నకుల, లక్ష్మణ, భరత, శంకర, కేశవ అన్నీ మూడక్షరాలే. ఇంకో చిక్కుంది, ఆ సూత్రాలు చెప్పేది సంస్కృత పదం లెక్క. అక్కడ రామ రెండు, మన నోట్లోకి వచ్చేసరికి రాముడు, మూడు. మరి ఏది లెక్క? మన భాషలో డు, వు, అమ్మ, అయ్య, రావు చేరి పేరు పెరిగిపోతుంది, ఆ సూత్రాలు రాసినవాళ్ల ముందు మన తెలుగు పేర్లు లేవు.

మన వైపు పేర్లు చూడు. అనకాపల్లి నూకాలమ్మకి మొక్కుకుని పుడితే నూకాలమ్మ, నూకరాజు. విజయనగరం పైడితల్లి అమ్మవారికి మొక్కుకుంటే పైడితల్లి, పైడిరాజు. బురుజుపేట అమ్మవారి పేరు మీద కనకమహాలక్ష్మి. సింహాచలం వెళ్లి కప్పస్తంభాన్ని కౌగిలించుకుని పిల్లలు కావాలని కోరుకుని, పుట్టాక అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, అప్పలకొండ, సింహాచలం అని పెట్టుకునేవారు. నూకాలమ్మ నాలుగు, పైడితల్లి నాలుగు, అప్పలనర్సమ్మ ఆరు, అన్నీ సరి సంఖ్యలే, కనకమహాలక్ష్మి ఏడు అయింది గానీ అది ఎవరూ లెక్కచూసి పెట్టింది కాదు. ఇక్కడ పేరు లెక్కలోంచి రాలేదు, మొక్కులోంచి వచ్చింది. పుట్టిన పిల్లలు దక్కక ఏడ్చి ఏడ్చి చివరికి దక్కిన బిడ్డకి పెంటమ్మ, పెంటయ్య అని పెట్టుకున్న తల్లులున్నారు, దిష్టి తగలకుండా ఈ బిడ్డయినా బతకాలని. అలాంటి పేరు పెట్టిన తల్లి ప్రేమ ఎన్ని అక్షరాలని అడగగలం?

అయితే అక్షరాల సంఖ్య అసలు పట్టించుకోనక్కర్లేదా అంటే, అలా కాదు. చాలా పట్టించుకోవాలి. కాకపోతే సరి బేసి కోసం కాదు, నోటి కోసం.

మన సింహాద్రినాథుడి పూర్తి పేరు చెప్పు. వరాహలక్ష్మీనరసింహస్వామి. పదకొండు అక్షరాలు. అర్చకులు సంకల్పంలో చెబుతారు, బోర్డు మీద రాస్తారు. మరి మెట్లెక్కుతూ అలసిపోయి మన జనం ఏమని పిలుస్తారు? అప్పన్నా! మూడక్షరాలు. సింహాద్రి కూడా సిమ్మాద్రి అయిపోతుంది, ఆ 'హ'ని గట్టిగా పలికే ఓపిక నోటికి ఉండదు. దేవుడి పేరుకే తప్పనప్పుడు మన పిల్లల పేర్లెంత! మన ఊరి పేరు తీసుకో. విశాఖపట్నం ఐదక్షరాలు, రైలు టికెట్ మీద అంతా ఉంటుంది, ఫోన్లో ఎక్కడున్నావంటే వైజాగ్‌లో అంటాం. సత్యనారాయణ సత్తి అవుతాడు, శ్రీనివాస్ శ్రీను, సుబ్బలక్ష్మి సుబ్బు, వెంకటేశ్వర్లు వెంకి. గమనించావా, అన్నీ రెండక్షరాలకే వచ్చి ఆగుతాయి, చివర చిన్న ఉ గానీ ఇ గానీ. నీ కూతుర్ని తేజస్విని అని పెట్టినా తేజస్వి అని పెట్టినా తేజోవతి అని పెట్టినా బళ్లో తేజు అవుతుంది, ఆపడం ఎవరి తరమూ కాదు. ముప్పై ఏళ్లు హాజరు పిలిచినదాన్ని, నా మాట నమ్ము. రిజిస్టర్లో ఎంత పొడుగు పేరున్నా ఇంటర్వెల్లో మైదానంలో వినిపించేవి రెండక్షరాలే.

అందుకని మీ అన్నయ్య తేజ చాలు అంటే నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. పొట్టి పేరు ఎలాగూ ఉచితంగా వస్తుంది. పొడుగు పేరుంటే దాన్ని కుదించుకోవచ్చు, ఒకే పేరులోంచి రెండు పేర్లు, ఇంట్లోకి ఒకటి, బయటికి ఒకటి. రెండక్షరాల పేరే పెట్టేస్తే, రేపు ఆ పిల్ల పెద్ద ఉద్యోగంలో చేరి పూర్తి పేరు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు సాగదీయడానికి ఏమీ మిగలదు. తార, సీత లాంటివి వేరు, అవి రెండక్షరాల్లోనే నిండుగా ఉన్న పేర్లు. తేజ అలా కాదు, ఏదో పెద్ద మాట తుంచిన ముక్కలా వినిపిస్తుంది నా చెవికి. పైగా మగపిల్లలకీ ఆ పేరే పెడుతున్నారు.

ఇంటిపేరు ఐదక్షరాలు కాబట్టి పేరు చిన్నదుండాలన్న వాదన కూడా ఒకసారి పైకి పలికి చూస్తే తేలిపోతుంది. ఇంటిపేరు రాశావు గానీ ఇక్కడ వెయ్యను, నేను మాత్రం పలికి చూశాను. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, పేరు వెనకొస్తుంది. ముందు అంత పొడుగు మాట పలికి చివర తేజ అని ఆపితే మెట్టు మీద అడుగు జారినట్టుంది. తేజస్విని అంటే ఆ వాక్యం కుదురుగా దిగింది. అయినా బళ్లో ఇంటిపేరు ఇనీషియల్‌గానే మిగులుతుంది కదా, దాని కోసం పేరెందుకు కోసుకోవడం? ఒక్క జాగ్రత్త, పాస్‌పోర్టులోనూ విదేశీ ఫారాల్లోనూ పేరు ముందు, ఇంటిపేరు వెనక వస్తుంది, అలా తిప్పి కూడా పలికి చూసుకోండి. ఒక అక్షరంతో ముగిసి మళ్లీ అదే అక్షరంతో మొదలైతే నాలుక తడబడుతుంది. మీకు ఆ ఇబ్బంది లేదు.

ఇక తేజస్వి. మీ ఇంట్లో అందరూ రాజీకి దీని దగ్గరికే వచ్చేట్టున్నారు, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. తేజస్సు గలవాడు తేజస్వి. తేజస్సు గలది తేజస్విని. తపస్వి, తపస్విని, యశస్వి, యశస్విని, మేధావి, మేధావిని, అన్నీ ఇలాగే. అంటే సంస్కృతం లెక్కలో చూస్తే మీ మావయ్యగారు బేసి కోసం చివరి అక్షరం తీసేస్తే పేరు పుంలింగం అయిపోతుంది! ఆడపిల్ల పేరు ఆడపిల్లకి తగ్గట్టుండాలన్న నియమం కోసమే ఇదంతా చేస్తూ, మగపిల్లాడి పేరు పెట్టినట్టవుతుంది. మన తెలుగునాట తేజస్వి అని ఆడపిల్లలకీ పెట్టుకుంటున్నారు, అలా పెట్టుకున్నవాళ్లని నేను తప్పు పట్టను, పేరు వాడుకలో స్థిరపడ్డాక అదే దాని అర్థం. కానీ శాస్త్రం పేరు చెప్పి కుదిస్తున్నప్పుడు శాస్త్రమే దెబ్బతినకూడదు కదా. ఇందాక పారస్కరంలో ఆడపిల్లకి తద్ధిత పదం పెట్టమన్నారని చెప్పాను చూడు, తేజస్సు అనే నామానికి ప్రత్యయం చేరి వచ్చిన తేజస్విని అచ్చమైన తద్ధితమే. ఒక నియమానికి తప్పినా ఇంకో నియమానికి నిలబడింది పాప పేరు. ఇది మీ మావయ్యగారికి నిదానంగా చెప్పు, వాదనలా కాదు. నాకు తెలిసి ఇలా పట్టుబట్టే పెద్దవాళ్లకి కావలసింది గెలవడం కాదు, మనవరాలి విషయంలో తమ మాట ఒకటి అడిగారన్న తృప్తి.

అసలు అక్షరాల సంఖ్య ఒక్కటే చూస్తే పేరు బరువు తెలీదమ్మా. లఘువులు గురువులు వేసి చూడు, పదో తరగతిలో చేసిందే, లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. వనజ మూడక్షరాలు, మూడూ లఘువులే, మూడు మాత్రల్లో అయిపోతుంది, పిట్ట ఎగిరినట్టు. కల్యాణి కూడా మూడక్షరాలే, కానీ గురువు, గురువు, లఘువు, ఐదు మాత్రలు. తేజస్వి కూడా అంతే, ఐదు. వరలక్ష్మి నాలుగక్షరాలు, మాత్రలు మాత్రం ఐదే. అంటే తేజస్వి అనడానికీ వరలక్ష్మి అనడానికీ నోటికి పట్టే సమయం ఒకటే! తేజస్విని ఆరు మాత్రలు. మీరందరూ ఇన్ని రోజులుగా పోట్లాడుకుంటున్నది ఒక్క మాత్ర కోసం, కన్ను రెప్ప వేసేంత.

నేను పేర్లకి పెట్టే పరీక్ష ఒకటే, దూరం నుంచి పిలిచి చూడటం. మా మనవడి పేరు సాకేత్. వాడికి నాలుగేళ్లప్పుడు ఒక సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాం. సముద్రం ఆ రోజు బాగా పోటు మీద ఉంది. నేను చెప్పులు విప్పి పక్కన పెట్టేలోపు వాడు అలల వైపు పరుగెత్తాడు. సాకేత్ సాకేత్ అని అరుస్తున్నాను, ఆ 'త్' దగ్గర నోరు మూసుకుపోతోంది, కేక అక్కడికక్కడే తెగిపోతోంది, గాలి హోరులో వాడికి వినపడలేదు. పక్కన బజ్జీలు వేయించే ఆవిడ పొయ్యి దగ్గర్నుంచే లేచి 'సాకేతూ...' అని ఒక్క కేక వేసింది, దీర్ఘం తీసి. వాడు చటుక్కున ఆగి వెనక్కి తిరిగాడు. మన భాషలో మాట అచ్చుతో ముగుస్తుంది, పిలిచేటప్పుడు ఆ అచ్చునే సాగదీస్తాం, కేక దాని మీదే ప్రయాణం చేస్తుంది. రెండక్షరాల సాకేత్ ఆవిడ నోట్లో మూడక్షరాల సాకేతు అయింది, వాడికి వినిపించింది ఆ మూడో అక్షరమే అని నా నమ్మకం. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరం సాకేతూ అనే అంటాం. నువ్వూ మీ ఆయనా మీ ఫ్లాట్ మెట్ల కింద ఒకరు, పైన ఒకరు నిలబడి తేజస్వినీ అని పిలుచుకుని చూడండి. చివరి 'నీ' ఎంత దూరమైనా పోతుంది. నాకు ఈ పేరులో అన్నిటికంటే నచ్చింది అదే.

ఒక్క లోపం ఉంది, దాచను. 'స్వి' పలకడం చిన్నపిల్లలకీ, పళ్లు ఊడిన పెద్దవాళ్లకీ కాస్త కష్టం. తేజస్సిని అనో తేజసిని అనో అంటారు. మాటలు బాగా వచ్చేదాకా పాప తన పేరు తాను సరిగ్గా పలకలేకపోవచ్చు. అది బెంగపడాల్సిన విషయం కాదు, లక్ష్మిని లచ్చి అన్న నోళ్లే ఇవి.

నక్షత్రం అక్షరం గురించి నువ్వు అడగలేదు గానీ చెబుతాను, పనికొస్తుంది. విశాఖ నాలుగు పాదాలకీ తీ, తూ, తే, తో. మీ అదృష్టం, 'తే' వచ్చింది కాబట్టి మంచి పేరు దొరికింది. హస్త మూడో పాదంలో పుట్టిన బిడ్డకి 'ణ' వస్తుంది, ఆర్ద్రలో 'ఙ' ఉంది, వాటితో మొదలయ్యే పేరు ఎక్కడ తెస్తారు? అయినా పెద్దల కాలం నుంచీ రెండు పేర్ల పద్ధతి ఉండనే ఉంది. ఆపస్తంబంలోనే ఉంది, నక్షత్రనామం పెట్టి దాన్ని రహస్యంగా ఉంచాలని. పిలుచుకునే పేరు వేరు. అంటే మీ మావయ్యగారి బేసి కోరిక తీరడానికి దారి ఆ గ్రంథంలోనే ఉంది. బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాస్తారు కదా, అప్పుడు ఆయన కోరిన మూడక్షరాల పేరు ఒకటి ముందు రాయనివ్వండి, ఆయన చేతే పాప చెవిలో చెప్పించండి. విశాఖ నక్షత్రంలో విశాఖలో పుట్టిన పిల్లకి విశాఖ అన్న పేరే ఉంది, మూడక్షరాలు, చివర ఆకారం, సూత్రం చెప్పినట్టే అచ్చంగా. నన్నడిగితే అది చెవిలో చెప్పే పేరుగా పెట్టుకుంటే ఎంత బాగుంటుందో! తర్వాత తేజస్విని రాయండి, నలుగురికీ చెప్పండి.

ఆ ఫారం గురించి అస్సలు కంగారు పడకు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుక సంగతి 21 రోజుల్లో తెలియజేయాలి, ఆసుపత్రిలో కాన్పయితే ఆ పని వాళ్లే చేస్తారు. అందులో పాప పేరు ఉండి తీరాలని లేదు. పేరు లేకుండానే నమోదు చేయించి, నమోదైన తేదీ నుంచి 12 నెలల లోపు పేరు చేర్పించుకుంటే ఫీజు ఉండదు, ఆ తర్వాత కూడా 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుం కట్టి చేర్చుకోవచ్చు. కాబట్టి మనసు కుదరని పేరు తొందరలో రాసేసి రావొద్దు. ఎందుకంటే ఒకసారి రాశాక మార్చడం పెద్ద తలనొప్పి. 2023 అక్టోబరు 1 నుంచీ పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడానికైనా, ఆధార్‌కైనా, రేపు ఓటుకైనా పుట్టిన తేదీ రుజువుగా ఈ సర్టిఫికెట్టే ఆధారం.

అందుకే ఆ అదనపు 'ఎస్' నాకు ఇష్టం లేదు. పలకడంలో ఏ మార్పూ రాదు, అక్షరాల సంఖ్య మారదు, మాత్ర కూడా మారదు, కాగితాల మీద మాత్రం జన్మంతా పీడిస్తుంది. ఒకచోట రెండు ఎస్‌లు, ఒకచోట ఒకటి, ఒకచోట డబ్ల్యూ, ఇంకోచోట వీ... టెన్త్ సర్టిఫికెట్లో ఒకలా, ఆధార్‌లో ఒకలా పడి, ఇంటర్ అడ్మిషన్లప్పుడు అఫిడవిట్లు పట్టుకుని తిరిగిన తల్లిదండ్రుల్ని ఎంతమందిని చూశానో. డబ్ల్యూనా వీనా అన్నది ఇప్పుడే మీ ఇద్దరూ తేల్చుకుని, ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి, ఆ కాగితం ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. ఏ ఫారం నింపినా అందులోంచి చూసే నింపండి.

చివరగా, నీ ఉత్తరంలో నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం ఒకటుంది. మీ అత్తయ్య ఎవరితోనూ ఏమీ అనకుండా తేజమ్మా తేజమ్మా అని ఊయల ఊపుతున్నారని. పాప ఈ పన్నెండు రోజుల్లో ఎక్కువసార్లు విన్న పేరు అదే అయి ఉంటుంది. ఈ సాయంత్రం మీ మావయ్యగారిని ఊయల పక్కన కూర్చోబెట్టి, ఆవిడ పిలుస్తుంటే ఆయన్నే లెక్కపెట్టమను. తే. జ. మ్మ.